క్రాస్‌టాక్‌కి తెలుగులో ఏమనాలి?

అనువాదకురాలు: కణజీవశాస్త్ర పాఠం తెలుగు చేస్తూ ‘క్రాస్‌టాక్’ దగ్గర ఆగిపోయాను. కణం లోపల ఒక సంకేత మార్గం పక్క మార్గాన్ని ఎగదోయడం, లేదా అణచడం. ‘పరస్పర చర్య’ అని రాస్తే అది ఆమ్లానికీ క్షారానికీ కూడా చెల్లుతుంది. ‘అడ్డమాట’ అనొచ్చా?

టెలిఫోన్ రిటైర్డ్: అమ్మా, ఆ మాట మా డిపార్టుమెంటుది! ల్యాండ్‌లైన్ రోజుల్లో మనం మాట్లాడుతుంటే మధ్యలో ఎవరిదో పెళ్లిబేరం వినపడేది చూడండి, అదే క్రాస్‌టాక్. మాకది ఫాల్టు. కణానికీ ఫాల్టేనా?

బయాలజీ లెక్చరర్: కాదండీ, చిక్కంతా అక్కడే. కణంలో అది అదుపు. పెరగమనే సంకేతం రాస్, రాఫ్, మెక్, ఎర్క్ అనే ప్రోటీన్ల వరుసలో చేతులు మారుతూ పోతుంది. పక్క మార్గంలోని ఏకేటీ అనే ప్రోటీన్ వచ్చి, రాఫ్‌లో 259వ స్థానంలో ఉన్న సెరీన్ అనే అమైనో ఆమ్లానికి ఫాస్ఫేటు తగిలిస్తే రాఫ్ జోరు తగ్గుతుంది. 1999లో బయటపడిన సంగతి ఇది. తమాషా ఏమిటంటే, ఎదిగిన కండర కణాల్లో ఈ అణచివేత కనిపించింది, వాటి ముందు దశ కణాల్లో కనిపించలేదు. ప్రోటీన్లు అవే! ‘అడ్డమాట’ అంటే పిల్లలు అదేదో తప్పు అనుకుంటారు.

చింతూరు వాసి: మా వైపు ‘ఎగపోటు’ అంటాం. గోదావరి పోటెత్తితే కూనవరం దగ్గర శబరి అందులో కలవలేక వెనక్కి తన్నుతుంది. ఇక్కడ చినుకు లేకపోయినా మా రోడ్డు మునుగుతుంది. ఒక ఏరు ఇంకో ఏటిని శాసించడమేగా?

బయాలజీ లెక్చరర్: మాట భలే ఉందండీ, కానీ అన్నిచోట్లా అతకదు. వెమురాఫెనిబ్ అనే మందు, వీ600ఈ అనే జన్యు మార్పు వచ్చిన బీరాఫ్‌ను, అంటే రాఫ్‌లో ఒక రకాన్ని, ఆపుతుంది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కి 2011లో అమెరికాలో అనుమతి వచ్చింది. అదే మార్పు ఉన్న పెద్దపేగు క్యాన్సర్‌లో మాత్రం సరిగ్గా పనిచేయలేదు. కారణం 2012లో దొరికింది. ఎర్క్ మార్గం నడుస్తున్నంతసేపూ కణం పైపొరలో ఉండి పెరగమనే సంకేతాన్ని అందుకునే ఈజీఎఫ్ఆర్ గ్రాహకానికి కళ్లెం పడి ఉంటుంది. మందు ఆ మార్గాన్ని ఆపగానే కళ్లెం ఊడి, గ్రాహకం లేచి కూర్చుంటుంది, పెరుగుదల మళ్లీ మొదలు. మెలనోమా కణాల్లో ఆ గ్రాహకం చాలా తక్కువ కాబట్టి అక్కడ మందు ఆడింది. మరి ఇది నీళ్లు అడ్డుపడి ఎగదన్నడం కాదు కదా, తూము తలుపు తెరుచుకోవడం.

అనువాదకురాలు: ‘కళ్లెం’ తీసుకుంటున్నానండీ, ఈజీఎఫ్ఆర్ సంగతి చెప్పేచోట అదే రాస్తాను. మొత్తానికి పేరుగా ‘మార్గాల పరస్పర అదుపు’, మొదటిసారి పక్కన క్రాస్‌టాక్ అని కూడా. ఎగపోటుని వదలబుద్ధి కావడం లేదు, ఎక్కడ వాడాలో చూస్తాను.

టెలిఫోన్ రిటైర్డ్: ‘అదుపు’ అంటే అణచడమే వినిపిస్తోందమ్మా. ఎగదోయడం ఏమైనట్టు?

అనువాదకురాలు: అయ్యో, నిజమే బాబాయ్ గారూ.