మైకో (ఇప్పటి బాష్) రోటరీ పంపు, అంటే ఇంజెక్టర్లకు డీజిల్ పంపే పంపు, ఇంట్లో మార్చొచ్చా?

ప్రశ్న: పాత నాలుగు సిలిండర్ల డీజిల్ జీపు, బెంగళూరు. పంపు షాఫ్ట్ సీల్ దగ్గర కారుతోంది. ఇక్కడి జేసీ రోడ్డులో కాలిబ్రేషన్ (డీజిల్ కొలత సరిచూడటం) చేసిన పంపు దొరికింది. టైమింగ్ (డీజిల్ కొట్టే సమయం) ఎలా పట్టాలి అన్నా?

జవాబు: విప్పేముందే ఒకటో సిలిండర్‌ని కంప్రెషన్ టీడీసీకి (గాలిని నొక్కుతూ పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటుకి) తెచ్చి గేర్లకు గుర్తులు పెట్టుకో. ఫ్లాంజ్ (పంపు బిగించే అంచు) మీది పాత గీతను మాత్రం నమ్మకు, పంపు మారితే అది సరిపోదు. పంపు వెనక మధ్య ప్లగ్ తీసి డయల్ గేజ్ (ముల్లుతో సన్నని కదలిక కొలిచేది) బిగించు. ఇంజిన్‌ని వెనక్కి తిప్పుతూ ముల్లు కదలడం ఆగినచోట సున్నా పెట్టి, మళ్ళీ టీడీసీకి తే. లిఫ్ట్ (ముల్లు చూపే కదలిక) మాన్యువల్లో ఉన్నంత రావాలి, చాలా ఇంజిన్లకు సుమారు 1 మి.మీ.

జవాబు 2: పంపు గేరు ఊడదీయడానికి పుల్లరే వాడండి, సుత్తి వద్దు. షాఫ్ట్ కీ (గేరును షాఫ్ట్‌కు పట్టి ఉంచే చిన్న ముక్క) టైమింగ్ కవర్‌లో పడిందో, పని రెట్టింపే! బాంజో (డీజిల్ పైపు బిగించే బోలు బోల్టు) రాగి వాషర్లు కొత్తవి వేయండి, పాతవి గాలి లాగుతాయి.

జవాబు 3: స్టార్ట్ కాకపోతే ముందు గాలినే అనుమానించండి. ఇంజెక్టర్ల దగ్గరి పైపు నట్లు వదులు చేసి సెల్ఫ్ కొట్టండి, ఒక్కసారికి 10 సెకన్లు చాలు. చెయ్యి దగ్గర పెట్టొద్దు, ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మంలోకి దూరుతుంది.