‘పాస్ అవుట్’ అంటే డిగ్రీ పూర్తవడమా, కళ్లు తిరిగి పడిపోవడమా?

గోదారిగట్టు:
ఎమ్మెస్‌కని డల్లాస్ వచ్చి రెండు నెలలైంది. మొన్న ల్యాబ్‌లో పరిచయాలప్పుడు ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2023’ అన్నాను. పక్కనున్న అతను మొహం సీరియస్‌గా పెట్టి ‘ద హోల్ ఇయర్?’ అన్నాడు, అందరూ ఒకటే నవ్వు. నాకైతే ఏం అర్థం కాలేదు. మన దగ్గర ‘ఏ ఇయర్ పాసవుట్?’ అనే కదా అడుగుతారు, ఉద్యోగ ప్రకటనల్లోనూ అదే ఉంటుంది. తప్పెక్కడ?

పాత మాస్టారు:
మన దగ్గరైతే తప్పేం లేదు బాబూ. అక్కడ మాత్రం ఆ మాటకి ముందు తోచే అర్థం సొమ్మసిల్లడం. ఎండలో క్యూలో నిలబడి స్పృహ తప్పితే ‘షీ పాస్డ్ అవుట్’. తాగి ఒళ్లు తెలియకుండా పడినా, అలసిపోయి సోఫాలోనే మొద్దునిద్ర పోయినా అదే. అలాగని మన వాడకం ఊరికే పుట్టింది కాదు. బ్రిటిష్ సైన్యంలో శిక్షణ ముగించుకుని బయటికి రావడాన్ని పాసింగ్ అవుట్ అంటారు, ఇప్పటికీ. హైదరాబాద్ పోలీస్ అకాడమీలో ఐపీఎస్‌ల పాసింగ్ అవుట్ పరేడ్ అని పేపర్లో చూసే ఉంటావు. మన కాలేజీల మాట కూడా ఆ దారినే వచ్చిందనుకుంటాను.

ఇద్దరు పిల్లల తల్లి:
ఇంకో అర్థం కూడా ఉంది. ఇక్కడి స్కూళ్లలో టీచర్ ‘పాస్ అవుట్ ద వర్క్‌షీట్స్’ అంటే అందరికీ పంచమని. మా చిన్నాడు వచ్చి ‘ఐ పాస్డ్ అవుట్ కప్‌కేక్స్’ అంటే మా అత్తయ్యకి గుండె ఆగినంత పనైంది, సగమే విన్నారు మరి. ఈ అర్థంలో ‘దెమ్’ వస్తే మధ్యలోనే పెట్టాలి, ‘పాస్ దెమ్ అవుట్’ అని. ‘పాస్ అవుట్ దెమ్’ అనరు.

గోదారిగట్టు:
థాంక్స్ అక్కా, మాస్టారూ. మరి రెజ్యూమెలో ఏం రాయాలి?

పాత మాస్టారు:
‘గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2023’. ఎక్కడైనా చెల్లుతుంది.

రాత్రి షిఫ్ట్:
పాసవుట్‌తో నవ్వారంతే, నయం. మా బావమరిది వాళ్ల బామ్మ కళ్లు తిరిగి పడితే, కంగారులో అమెరికాలో ఉన్న మేనేజర్‌కి ‘పాస్డ్ అవే’ అని మెయిల్ కొట్టాడు. అంటే పోయిందని కదా! వారం సెలవిచ్చి, ఇంటికి పూలు కూడా పంపారు. తలుపు తీసి ఆ పూలు అందుకున్నది బామ్మే.