ఇక్కడి గవర్నర్ మన రాజ్‌భవన్ గవర్నర్ కాదు

ప్రశ్న (2025 సెప్టెంబర్): అన్నలూ, అక్కలూ, ఎమ్మెస్‌కి న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో వచ్చి నెల కూడా కాలేదు. కొవిడ్ టీకాకి ఫార్మసీకి వెళ్తే డాక్టర్ చీటీ తెమ్మని పంపేశారు. ఇప్పుడేమో గవర్నర్ సంతకం పెట్టారు, చీటీ అక్కర్లేదంటున్నారు రూమ్మేట్లు. అసలు గవర్నర్‌కి టీకాలతో పనేంటి?

జవాబు: తమ్ముడూ, ముందు రాజ్‌భవన్‌ని మర్చిపో. మన దగ్గర గవర్నర్‌ని రాష్ట్రపతి పంపిస్తారు, ఇక్కడ జనమే ఓట్లేసి గెలిపిస్తారు, అంటే మన ముఖ్యమంత్రి లెక్క, ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ అంటే మన జీవో లాంటిదనుకో, కాకపోతే ఎమర్జెన్సీ ప్రకటిస్తే చట్టంలో ఉన్న రూల్‌ని కూడా కొన్నాళ్ళు పక్కన పెట్టొచ్చు. నీ విషయంలో జరిగింది అదే. ఫార్మసిస్టు ఏ టీకా వేయొచ్చన్నది న్యూయార్క్ చట్టం ఇక్కడి కేంద్ర ప్రభుత్వపు టీకాల సలహా కమిటీ సిఫార్సుతో ముడిపెట్టింది. ఈసారి కొత్త కొవిడ్ టీకాల మీద ఆ కమిటీ ఇంకా ఏదీ తేల్చకపోయేసరికి ఫార్మసీలు చీటీ లేకుండా వేయడానికి వెనకాడాయి. 2025 సెప్టెంబర్ 5న న్యూయార్క్ గవర్నర్ హోకుల్ ఆర్డర్ ఇచ్చి ఆ ముడి విప్పారు. 2022లో రాక్‌లాండ్ కౌంటీలో పోలియో బయటపడ్డప్పుడు కూడా ఇంతే, ఫార్మసిస్టులు, మిడ్‌వైఫ్‌లు, అంబులెన్స్ సిబ్బంది కూడా పోలియో టీకా వేయొచ్చన్నారు. (మనకి పోలియో అంటే చుక్కలే గుర్తొస్తాయి, ఇక్కడ సూదే.) ఒక్కటి చూసుకో, ఇలాంటి ఆర్డర్‌కి 30 రోజులే గడువు, మళ్ళీ పొడిగిస్తే తప్ప. పరీక్షలయ్యాక వెళ్దాంలే అని కూర్చోకు.

ఇంకొకరు: అన్న చెప్పింది న్యూయార్క్ వరకే సుమా. నేనుండేది డాలస్. మా టెక్సస్ గవర్నర్ అబాట్ 2020 జులైలో మాస్క్ తప్పనిసరి అన్నారు, 2021 మార్చిలో ఆయనే తీసేశారు, అదే ఏడాది అక్టోబర్‌లో టీకా వేయించుకోమని ఎవరూ బలవంతపెట్టకూడదని ఇంకో ఆర్డర్. మిషిగన్‌లో అయితే గవర్నర్ విట్మర్ కొవిడ్ ఆర్డర్ల మీద కోర్టుకెళ్ళారు, శాసనసభ ఒప్పుకోకుండా ఏప్రిల్ 30 తర్వాత ఎమర్జెన్సీ పొడిగించడం కుదరదని 2020 అక్టోబర్‌లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చేసింది. అందుకని టెక్సస్ వాట్సాప్ ఫార్వర్డ్ చూసి నువ్వు బఫెలోలో టెన్షన్ పడకు.

అక్క: టీకాకి వెళ్ళేటప్పుడు ఇన్సూరెన్స్ కార్డు పట్టుకెళ్ళు నాన్నా. ఫార్మసిస్టు వేయొచ్చు అన్నంత మాత్రాన డబ్బులు ఎవరు కడతారో తేలినట్టు కాదు, మీ యూనివర్సిటీ ఇన్సూరెన్స్ వాళ్ళకి ముందే ఫోన్ చేసి అడుగు.