రాగి లైను తీసేస్తారట – లిఫ్టు ఫోనుకి, ఫైర్ ప్యానెల్‌కి సిమ్ డబ్బా ఎవరైనా పెట్టించారా? (బరంపురం)

బరంపురం_సెక్రెటరీ
అందరికీ నమస్కారం. మాది ఐదంతస్తుల బిల్డింగు. కింద రెండంతస్తులు నర్సింగ్‌హోమ్‌కి అద్దెకిచ్చాం, పైవన్నీ ఫ్లాట్లు. లిఫ్టులో ఎర్ర బటన్ నొక్కితే వరసగా నాలుగు నంబర్లకి డయల్ అయ్యే ఫోను, ఫైర్ ప్యానెల్ డయలరు (మంటల అలారం మోగితే దానంతటదే ఫోన్ చేసేది) రెండూ ఒకే ల్యాండ్‌లైన్ మీద ఉన్నాయి. ఈ రాగి లైను ఇక బాగు చెయ్యం, ఫైబరుకి మారండి అంటున్నారు ఫోను కంపెనీవాళ్ళు. లిఫ్టు మనిషేమో సిమ్ డబ్బా (ల్యాండ్‌లైన్ బదులు సిమ్ము మీద కాల్ పంపేది) పెట్టేద్దాం అని కొటేషన్ ఇచ్చాడు. ఏ డబ్బా మంచిది? కరెంటు పోతే ఎంతసేపు నడుస్తుంది? ఫైర్ సర్టిఫికెట్ రెన్యువల్‌లో అడ్డం వస్తుందా? నెలకి ఖర్చెంత? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

గంజాం_గుంటడు
మార్చకండి బావూ, అంతే. ఫైలిన్ తుఫాను వొచ్చిన రేత్రి, 2013 అక్టోబరు 12న, గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది కదా, తెల్లారేసరికి మా వీధిలో సెల్లులన్నీ చచ్చిపోయాయి. టవర్ బేటరీలు అయిపోయాయి, డీజిల్ బండి చెట్లు దాటి రాలేకపోయింది. మా ఇంట్లో ల్యాండ్‌లైన్ ఒక్కటే మోగింది. వీధి వీధంతా మా గుమ్మంలోనే.

జయపురం_జంక్షన్
మా పిన్నివాళ్ళు అప్పుడు గోపాల్‌పూర్ రోడ్డులోనే ఉండేవారు. స్తంభాలు విరిగి ఇంటికొచ్చే డ్రాప్ వైరు బురదలో పడింది, ల్యాండ్‌లైనే ముందు పోయింది. ఒక్క వీధి చూసి ఊరంతటికీ తీర్పు చెప్పేస్తే ఎలా?

గంజాం_గుంటడు
మా వీధిలో కేబులు భూమిలో ఉంది, మీ పిన్నివాళ్ళ వీధిలో స్తంభాల మీదుంది. అందులో నా తప్పేటండీ?

పాత_జాయింటర్
మీరిద్దరూ కాస్త ఆగండి. నా సర్వీసంతా కేబుల్ గోతుల్లోనే గడిచింది. పేపర్ కేబులూ కలిపాను, జెల్లీ కేబులూ కలిపాను. రాగి జత (ఫోనుకొచ్చే రెండు తీగలు) మీద ఎక్స్‌ఛేంజి నుంచి మైనస్ 48 వోల్టుల డీసీ వస్తుంది. ఫోనుకి కావలసిన కరెంటు ఆ జతలోనే ఉంటుంది, ఇంటి కరెంటుతో దానికి పని లేదు. రింగు వస్తే 75 వోల్టుల దాకా ఏసీ, వర్షంలో తడి చేత్తో జత పట్టుకున్నవాడికి తెలుస్తుంది దాని జిల్లు. ఎక్స్‌ఛేంజిలో గదినిండా బేటరీలు, వాటి వెనక జనరేటరు. ఈ సిమ్ డబ్బాలవాళ్ళు అలాంటి ఏర్పాటు చూపించమనండి, నేనూ ఒప్పుకుంటాను.

కోరాపుట్_నెట్‌వర్క్స్
గురువుగారూ, మీరు చెప్పింది ఎక్స్‌ఛేంజి నుంచి నేరుగా వచ్చే జతకి. ఊరు పెరిగాక చాలా కాలనీలకి రాగి వస్తున్నది వీధి చివరి క్యాబినెట్ నుంచి. ఎక్స్‌ఛేంజి నుంచి అక్కడిదాకా ఫైబరే. ఆ 48 వోల్టులు పుట్టేది కూడా ఆ డబ్బాలోనే, దాని బేటరీలు మార్చినవాడు ఉంటేనే. నేను చూసిన ఒకదాంట్లో బేటరీలు ఉబ్బి తలుపు మూతపడటం లేదు. కరెంటు పోయిన పది నిమిషాలకి లైనూ పోయింది. ల్యాండ్‌లైన్ అనగానే ఎక్స్‌ఛేంజి బేటరీ వెనక ఉందనుకుంటే ఎలా?

పాత_జాయింటర్
బేటరీ మార్చకపోవడం మనుషుల లోపం. రాగి లోపం కాదు.

కోరాపుట్_నెట్‌వర్క్స్
లిఫ్టులో ఇరుక్కున్నవాడికి ఎవరి లోపమైతే ఏమిటండీ?

పాత_జాయింటర్
మీరు పుట్టకముందు నేను మోకాళ్ళ లోతు నీళ్ళలో జాయింట్లు వేశాను. మర్యాదగా మాట్లాడండి.

కోరాపుట్_నెట్‌వర్క్స్
నేనేం అమర్యాదగా అన్నాను? గురువుగారూ అనే మొదలుపెట్టాను.

గంజాం_గుంటడు
ఆ గురువుగారూ అన్న విరుపు మాకూ వినబడిందిలెండి.

మోడరేటర్
వయసుల మాట వద్దు. ఇంకోసారైతే చర్చకి తాళం వేస్తాను.

రాయగడ_రమణి
మాది వర్కింగ్ విమెన్ హాస్టల్. మీరంతా ఫోను ఫోను అంటున్నారు, ముందు లిఫ్టుకి ఏఆర్‌డీ (ఆటోమేటిక్ రెస్క్యూ డివైస్) పెట్టించండి. కరెంటు పోగానే అదే బేటరీ మీద దగ్గర్లో ఉన్న అంతస్తుకి తెచ్చి తలుపు తెరుస్తుంది. అది పెట్టించిన దగ్గర్నుంచి మా అమ్మాయిల్లో ఎర్ర బటన్ నొక్కాల్సి వచ్చినవాళ్ళే లేరు. అంతకుముందు నెలకోసారైనా ఏడుపులే. అసలు మనవైపు లిఫ్టుల్లో ఫోన్ లైను ఎక్కడుందండీ, వాచ్‌మన్ గదికి ఇంటర్‌కమ్ తప్ప? ఆ వాచ్‌మన్ టీకి వెళ్తే అంతే సంగతులు.

పర్లాకిమిడి_లిఫ్ట్‌మెకానిక్
అమ్మా, ఏఆర్‌డీ కరెంటు పోతేనే పనిచేస్తుంది. డోర్ లాక్ కాంటాక్ట్ పాడైనా, సేఫ్టీ సర్క్యూట్ ఎక్కడ తెగినా లిఫ్టు కదలదు, కదలకూడదు కూడా. అప్పుడు మాట్లాడ్డానికి ఫోను ఉండాల్సిందే.

ఇక సిమ్ డబ్బా సంగతి. దాన్ని లిఫ్టు క్యాబిన్‌లో పెట్టకండి. నాలుగు వైపులా రేకు, చుట్టూ కాంక్రీటు గొయ్యి, సిగ్నల్ ఎక్కడినుంచి వస్తుంది? డబ్బా పైన మెషిన్ రూములో ఉండాలి, ఏంటెనా టెర్రస్ మీదికి తియ్యాలి. క్యాబిన్‌కి పాత ఫోను జతే ట్రావెలింగ్ కేబుల్‌లో (లిఫ్టుతో పాటు కదిలే కేబులు) వెళ్తుంది, దాన్ని కదపక్కర్లేదు. డబ్బా వెనక ఫోను పోర్టులో ఆ జత గుచ్చితే లోపలి ఫోనుకి తేడా తెలీదు, డయల్ టోన్ అలాగే వస్తుంది.

రెండోది మా సరిహద్దోళ్ళ బాధ. పర్లాకిమిడికి పక్కనే పాతపట్నం. టెర్రస్ మీద ఏంటెనా పెడితే కొన్ని సిమ్ములు ఆంధ్రా టవరు పట్టేస్తాయి. మామూలు కాల్‌కి ఫరవాలేదు. నంబర్ల వరసలో ఆఖర్న 112 పెట్టారనుకోండి, ఆ కాలు టవరు ఏ రాష్ట్రానిదైతే ఆ రాష్ట్రం కంట్రోల్ రూముకి పోతుంది. లోపలున్నవాడు ఒడియాలో కంగారుగా ఏదో చెప్తాడు, అవతలివాళ్ళు ఏ మండలం అని తెలుగులో అడుగుతారు. నేను పెట్టిన ఒక డబ్బాకి ఇదే జరిగితే, మాన్యువల్‌గా ఒడిశా నెట్‌వర్క్‌కి కట్టేశాను.

సిరొంచ_మాస్టారు
గిదే మా దగ్గర గూడ. నది అవతల కాళేశ్వరం, అది తెలంగాణ. ఇవతల మేం గడ్చిరోలి జిల్లా. మా స్కూల్ల ఉన్న డబ్బా పొద్దుగాల మహారాష్ట్ర టవరు పడ్తది, రాత్రయితే నది దాటుతది. అయినా మీరు ఒక్క నెట్‌వర్క్‌కే కట్టేసిన్రు, ఆ టవరు కూలిపోతే పక్క టవరుకు పోదు గదా? గదేం తెలివి?

పర్లాకిమిడి_లిఫ్ట్‌మెకానిక్
మాస్టారూ, తిత్లీ తుఫాను వచ్చినప్పుడు (2018 అక్టోబరు 11) మా గజపతి జిల్లాలో ఏ టవరూ మిగల్లేదు, అటుపక్క పలాస వైపూ మిగల్లేదు. కట్టేసినా విప్పినా ఒకటే అయింది. నేను చెప్పేది రోజువారీ సంగతి. ఆ వరసలో 112 అసలు వద్దు, మనుషుల నంబర్లే పెట్టండి.

కోరాపుట్_నెట్‌వర్క్స్
తుఫానులప్పుడు టెలికం శాఖ ఇంట్రా సర్కిల్ రోమింగ్ తెరుస్తుంది, ఒక కంపెనీ సిమ్ము ఇంకో కంపెనీ టవరు మీద నడుస్తుంది. నెట్‌వర్క్ కట్టేసిన డబ్బాకి ఆ లాభం ఉండదు. మాస్టారు చెప్పిందే సరి. ఇద్దరు వేరు వేరు ఆపరేటర్ల సిమ్ములు పట్టే డబ్బా తీసుకుని ఆటోమేటిక్‌లో వదిలెయ్యండి.

సెక్రెటరీ గారూ, కొటేషన్‌లో జీఎస్ఎమ్ అని మాత్రమే రాసుంటే సంతకం పెట్టకండి. అది 2జీ మాడ్యూల్ అయ్యుంటుంది, అందులో జియో సిమ్ పనికిరాదు, వాళ్ళకి 2జీనే లేదు. 4జీ అని రాసినా వోల్టీ (4జీ మీదే మాట్లాడే సదుపాయం) ఉందో లేదో అడగండి. వోల్టీ లేని 4జీ డబ్బా మాట్లాడాల్సి వచ్చేసరికి 2జీకే దిగుతుంది. 2025 సెప్టెంబరులో ఝార్సుగుడాలో ప్రారంభించిన బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీ సిమ్ము మీ టెర్రస్ మీద ఎలా పడుతుందో కూడా ఫోనులో వేసి చూసుకోండి.

ఫైబరు తీసుకుంటే మీ గోడ మీదుండే చిన్న డబ్బాకి మీ కరెంటే కావాలి, అది ఆగితే ఫోనూ ఆగుతుంది. లెక్క ఇదిగో: 12 వోల్టుల 7 ఏహెచ్ (యాంపు-గంటల) బేటరీ మీద 0.3 యాంపు లాగే సిమ్ డబ్బా కాగితం మీద 23 గంటలు. మనవైపు రెండు వేసవులు మెషిన్ రూములో ఉడికిన బేటరీ అందులో సగం ఇచ్చినా గొప్పే.

న్యూజెర్సీ_బరంపురం
మా దగ్గర ఫైర్ ప్యానెల్ కమ్యూనికేటర్‌కి (అలారం కబురు బయటికి పంపే డబ్బా) 24 గంటల బేటరీ తప్పనిసరి. అమెరికా ఫైర్ అలారం ప్రమాణం ఎన్ఎఫ్‌పీఏ 72లో ఉంది. పంపే దారి ఒక్కటే అయితే, అది తెగినట్టు 60 నిమిషాల్లో తెలియాలి. రెండు దారులుంటే 6 గంటలు. ఇంగ్లండులో పాత ఫోన్ నెట్‌వర్కే 2027 జనవరికల్లా మూసేస్తున్నారు. ముందు 2025 ఆఖరన్నారు, పెద్దవాళ్ళ అలారం పరికరాలు ఉన్నాయని వాయిదా వేశారు. యూరప్‌లో ఈఎన్ 81-28 అనే లిఫ్టు ప్రమాణం ప్రకారం లిఫ్టు ఫోను కనీసం మూడు రోజులకోసారి దానంతటదే టెస్టు కాల్ చేసుకోవాలి.

గంజాం_గుంటడు
న్యూజెర్సీ అన్నియ్యా, అక్కడ ప్యానెల్ మోగితే మోనిటరింగ్ స్టేషన్‌లో మనిషి ఎత్తుతాడు. ఇక్కడ ప్యానెల్ మోగితే సెక్రెటరీ గారి ఫోను మోగుతాది, ఆయన గుళ్ళో ఉంటే సైలెంట్.

న్యూజెర్సీ_బరంపురం
వెటకారం సరే, ఆ టెస్టు కాల్ మాటయినా పట్టించుకోండి. దానికి పైసా ఖర్చు లేదు.

రాయగడ_రమణి
అది నిజమే. మా పక్క లాడ్జిలో సిమ్ము రీచార్జి గడువు దాటిపోయింది, ఎవరూ చూసుకోలేదు. డబ్బా మీద పచ్చ లైటు మాత్రం వెలుగుతూనే ఉంది. మేనేజరు మారిపోయాడు, సిమ్ము ఆయన ఆధార్ మీదుంది. సిమ్ము అసోసియేషన్ పేరు మీద తియ్యండి సెక్రెటరీ గారూ.

కోరాపుట్_నెట్‌వర్క్స్
పదమూడంకెల ఎమ్2ఎమ్ సిమ్ములుంటాయి, యంత్రాల కోసమే ఇస్తారు. ముందే నమోదు చేసిన నంబర్లకే మాట్లాడనిస్తాయి. మీ నాలుగు నంబర్ల వరస దాంట్లో కుదురుతుందో లేదో రాయించుకుని తీసుకోండి.

ఇంకొకటి మరిచిపోతున్నారు. ఫైర్ ప్యానెల్ డయలరు టోన్లతో కోడ్ పంపే రకమైతే, సెల్ నెట్‌వర్క్ మాటని కుదించి పంపడంలో ఆ టోన్లు పాడై అవతల కోడ్ సరిగా చదవదు. రికార్డు చేసిన మాట వినిపించే డయలరైతే బాధ లేదు. లేదంటే ప్యానెల్ రిలే (అలారం వస్తే కలిసే స్విచ్చి) నుంచి నేరుగా డబ్బా ఇన్‌పుట్‌కి రెండు వైర్లు లాగి ఎస్సెమ్మెస్, కాల్ రెండూ పెట్టించండి.

పాత_జాయింటర్
ఇన్ని తిప్పలు పడే బదులు ఉన్న జతని బాగు చేసుకోవచ్చు. చెప్పాను, వినేవాళ్ళు వింటారు.

జయపురం_జంక్షన్
బాగు చెయ్యం అని వాళ్ళే చెప్తుంటే ఎవరు బాగు చేస్తారు సార్, మీరొస్తారా?

పాత_జాయింటర్
పిలిస్తే వస్తాను. టూల్‌కిట్ ఇంకా ఉంది. మీవాళ్ళకి మీటరు పట్టుకోవడం కూడా నేర్పుతాను.

బరంపురం_సెక్రెటరీ
అందరికీ ధన్యవాదాలు. రెండు సిమ్ముల వోల్టీ డబ్బా మెషిన్ రూములో, ఏంటెనా టెర్రస్ మీద, లిఫ్టుకీ ప్యానెల్‌కీ వేరు వేరు బేటరీలు అని కొటేషన్ మళ్ళీ అడిగాను. ఫైర్ సర్టిఫికెట్ గురించి, నెలవారీ ఖర్చు గురించి ఎవరూ చెప్పలేదు. పైగా మొన్న మీటింగులో నర్సింగ్‌హోమ్ డాక్టరు గారు, లిఫ్టు మీది, ఫోనూ మీదే, మేమెందుకు కట్టాలి అన్నారు.

సిరొంచ_మాస్టారు
గదేంది, స్ట్రెచర్లు మెట్ల మీద మోస్తరా ఆయన? సగం ఆయన దగ్గరనే వసూలు జేయండి.

రాయగడ_రమణి
సగం ఎలా అవుతుంది? పై మూడంతస్తుల వాళ్ళు రోజుకెన్నిసార్లు ఎక్కి దిగుతారో లెక్కేశారా?

జయపురం_జంక్షన్
మా బిల్డింగులో మాది గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాటు. లిఫ్టు మొహం చూడం, నెలనెలా దాని డబ్బులు మాత్రం కడుతున్నాం. ముందు నాకు న్యాయం చెప్పండి.

మోడరేటర్
లిఫ్టు ఖర్చుల వాటాలకి వేరే చర్చ ఉంది. అక్కడికి వెళ్ళండి.

గంజాం_గుంటడు
అదీ మీరే తాళం వేసీసారు కదండీ.