‘నలోకంబగు’లో ఆ ‘న’ హ్రస్వమేనా?

పెరటిచెట్టు:
అమ్మ పోయిన పదకొండో రోజు రాత్రి నాన్న వరండాలో కూర్చుని గజేంద్రమోక్షంలోని ఒక్క పద్యమే పదే పదే చదువుకున్నారు. నాకు ముక్కలుగానే గుర్తుంది: ‘తుది నా లోకంబగు పెంజీకటి కవ్వల...’ చీకటే తన లోకమైపోయిందని అంటున్నారనుకున్నాను. ఇన్నేళ్లూ అలాగే తలుచుకున్నాను. నిన్న పుస్తకంలో చూస్తే ‘లోకంబులు లోకేశులు / లోకస్థులుఁ దెగినఁ దుది నలోకంబగు పెం / జీకటి కవ్వల నెవ్వం / డేకాకృతి వెలుఁగు నతని నే సేవింతున్’ అని, అంటే ‘నలోకంబగు’ అని ఉంది. అడుగుదామంటే నాన్న కూడా లేరు. ఏది సరైనది?

కందం:
హ్రస్వమే. ఈ కందపద్యం రెండో పాదంలో మూడో గణం అది, నలమో జగణమో కావాలి, రెండూ నాలుగు మాత్రలవే. ‘నఁదుదిన’ నాలుగూ లఘువులు. ‘నా’ అంటే అయిదు మాత్రలవుతాయి. యతితో తేల్చలేం, ఎలా చదివినా ‘లో’కు ‘లో’యే.

అరసున్న:
గణం సరే, అర్థం మాట? తుదిన్ + అలోకంబు. లోకం లేకపోవడమని సరిపెట్టుకుంటాం గాని, ‘లోక్’ ధాతువుకు చూడటమని కదా అర్థం! అలోకమంటే చూపు ఆననిది. అందుకే వెంటనే పెంజీకటి వచ్చింది.

కందం:
ఒప్పుకోను. లోకంబులు, లోకేశులు, లోకస్థులు అని ముమ్మారు పేర్చి, నాలుగోసారి ఒక్క ‘అ’తో అన్నీ తుడిచేశాడు. చూపు అంటే ఆ దెబ్బ పోతుంది.

గోదారిగట్టు:
సంస్కృత భాగవత మూలం చూడండి, అష్టమస్కంధం మూడో అధ్యాయం: ‘తమస్తదాసీద్ గహనం గభీరం యస్తస్య పారే’, అప్పుడు దట్టమైన, లోతైన చీకటి ఉండేది, దాని పారంలో ఎవడు ఉన్నాడో అని. గహనం, గభీరం రెండూ ‘పెను’లో ఇమిడిపోయాయి. అలోకం, ఏకాకృతి మాత్రం పోతన సొంతం. నన్ను పట్టుకున్నది ‘అవ్వల’. పారమంటే ఆవలి ఒడ్డు. మడుగులో మొసలికి కాలు చిక్కిన ఏనుగు చీకటికి ఆవలి ఒడ్డు గురించి మాట్లాడుతోంది!

అరసున్న:
‘తమసః పరస్తాత్’, చీకటికి ఆవల అని శ్వేతాశ్వతరోపనిషత్తు అంతకుముందే అన్నది కదా.

గోదారిగట్టు:
అన్నది. కాని అక్కడ ఋషి ‘వేదాహమ్’, నాకు తెలుసు అంటాడు. ఇక్కడ ‘ఎవ్వండు’. ఎవరో తెలియకుండానే సేవిస్తానంటోంది. ‘కలఁడో లేఁడో’ అన్నదీ ఈ గజేంద్రుడే. ఆ సందేహాన్ని దాచకుండా భక్తుడి నోట పలికించినందుకే పోతన నాకు ప్రాణం.

కందం:
‘ఎవ్వండు’ ప్రశ్న కాదండీ, మూలంలోని ‘యః’, ఎవడైతే అని. ఇంకో మాట. ఇది ప్రళయం గురించిన పద్యం, లోకాలన్నీ తెగిపోయాక మిగిలిన చీకటి. పోయినవారు చేరే చోటు గురించి ఇందులో ఏమీ లేదు.

గోదారిగట్టు:
ఆ తండ్రిగారికి ఆ రాత్రి తెగింది ఏ లోకమో ఆలోచించండి.

పెరటిచెట్టు:
నాన్న ముప్పై ఏళ్లు తెలుగు చెప్పారు, గణం తప్పేవారు కాదు. ‘నా’ దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని ‘లోకంబగు’ అనేవారు. పద్యం పాడేటప్పుడు అలా లఘువు మీద ఆగడం ఉందా?

కందం:
పాదం చివర సాగదీయడం విన్నాను. నడుమ లఘువు మీద ఆగడం వినలేదు.

అరసున్న:
ఏ రాగంలో చదివేవారు?

పెరటిచెట్టు:
రాగం పేరు తెలియదు. ఆ రాత్రి అక్క ఆయన పక్కనే కూర్చుంది, రేపు ఫోను చేసి పాడమంటాను.