‘మానేశాడు’ అనాలా, ‘మానుకున్నాడు’ అనాలా?

జార్జ్ జోన్స్ పాడిన అమెరికన్ కంట్రీ (అక్కడి పల్లెపట్టు బాణీ) పాట ‘హీ స్టాప్డ్ లవింగ్ హర్ టుడే’ పల్లవిని తెలుగులోకి తేవాలని కూర్చున్నాను. ‘ఇవాళ ఆమెను ప్రేమించడం మానేశాడు’. పైకి ఇంతే. కానీ ఈ ఒక్క క్రియ మీదే పాటంతా నిలబడింది.

కథ ఇది. చచ్చేదాకా నిన్నే ప్రేమిస్తానన్నాడు. కొన్నాళ్లకు నువ్వే మరిచిపోతావులే అందామె. ఆమె 1962లో రాసిన ఉత్తరాలు మంచం పక్కనే పెట్టుకుని, ‘ఐ లవ్ యూ’ అని ఉన్న ప్రతిచోటా ఎర్రగా గీత గీసుకున్నాడు. ఇవాళ స్నేహితుడు వెళ్లి చూస్తే కంట తడి లేదు. ఎక్కడికో బయల్దేరినట్టు ముస్తాబై ఉన్నాడు, ఏళ్ల తర్వాత ముఖాన నవ్వు. అప్పుడొస్తుంది పల్లవి. తలుపుకు పూలచక్రం (అక్కడ చావింటి గుర్తు) కట్టారని వింటేగానీ మనకు సంగతి అర్థం కాదు. చావు అన్న మాట అతని ప్రమాణంలో ఉంది, మరణవార్తలో లేదు.

‘మానుకున్నాడు’ అంటే మనసు గట్టి చేసుకుని వదిలేశాడని అర్థం వస్తుంది, అది అతనికి అన్యాయం. ‘ప్రేమించడం ఆగిపోయింది’ అంటే గుట్టు ముందే బయటపడుతుంది. ‘కన్నుమూశాడు’, ‘కాలం చేశాడు’ లాంటివి వినేవారి నొప్పి తగ్గించడానికి పుట్టిన మాటలు. ఈ పల్లవి నొప్పి తగ్గించడానికి కాదు, మాట నిలబెట్టుకున్నాడని చెప్పడానికి. అందుకే నా ఓటు ‘మానేశాడు’కే. మొదటిసారి విన్నవాళ్లు ‘అయ్యో, మరిచిపోయాడా’ అనుకోవాలి. ప్రమాణం దగ్గర మాత్రం ‘చచ్చేదాకా’ కన్నా ‘కట్టె కాలేదాకా’ నాకు బాగా నచ్చింది. మనవాళ్లు నిజంగా అనే మాట అది.

రాసింది బాబీ బ్రాడ్డాక్, కర్లీ పుట్‌మన్. నిర్మాత బిల్లీ షెరిల్ వాళ్లచేత మళ్లీ మళ్లీ తిరగరాయించాడు. ఇంత విషాదం ఎవరు కొంటారని జోన్సే అనుకున్నాడట. 1980 జూలైలో అమెరికా పత్రిక బిల్‌బోర్డ్ వేసే కంట్రీ పాటల చార్టులో మొదటి స్థానానికి చేరింది. చాలా ఏళ్లుగా సోలోగా నంబర్ వన్ లేని జోన్స్‌కు అది పునర్జన్మే. కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ 1980, 1981 రెండేళ్లూ దీన్నే ఉత్తమ గీతంగా ఎంచింది. 2013లో జోన్స్ అంత్యక్రియల్లో మరో కంట్రీ గాయకుడు అలన్ జాక్సన్ పాడింది కూడా ఇదే.

ఇక తేలనిది ‘ఇవాళ’. ఇంగ్లీషులో అది చివర్లో పడి గుండెకు తగులుతుంది. మన వాక్యం క్రియతో ముగుస్తుంది కాబట్టి ‘ఇవాళ’ ముందుకు జరిగి పలచబడుతోంది. ‘ఆమెను ప్రేమించడం మానేశాడు, ఇవాళ’ అని పాటలో చెల్లుతుందా? తెలంగాణ మిత్రులు ‘ఇయ్యాల’ పెట్టి ఒకసారి పాడి చూసి చెప్పండి.