తుంటి దగ్గర విరిగితే డీహెచ్‌ఎస్ చాలా, నెయిల్ తప్పదా?

పీజీ_మలక్‌పేట:
ఈ మధ్య ఇంటర్‌ట్రోకాంటరిక్ ఫ్రాక్చర్ (తొడ ఎముక మెడ కింద, రెండు ట్రోకాంటర్ గుబ్బల మధ్య విరగడం) అనగానే నెయిల్, అంటే ఎముక లోపలి గొట్టంలోకి దించే కడ్డీ, బయటికి తీస్తున్నారు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే సంస్థ నైస్ 2011లో ఇచ్చిన సూచనలు మాత్రం ఏ1 (రెండు ముక్కలైనది), ఏ2 (పలు ముక్కలైనది) రెండింటికీ డీహెచ్‌ఎస్ (తలలోకి వెళ్లే జారే స్క్రూ, ఎముక బయట ప్లేటు) లాంటి ప్లేటునే ముందు పెట్టాయి. ధరలో తేడా పేషెంటు ఇంటివాళ్లకు చిన్నదేం కాదు. సీనియర్లు ఏమంటారు?

ఆర్థో_సికింద్రాబాద్:
ఏ1 అయితే డీహెచ్‌ఎస్ చాలు, రెండో మాట లేదు. చిక్కంతా ఏ2లోనే. అక్కడ తొడ ఎముక బయటిగోడ మందం కొలవకుండా నిర్ణయించొద్దు. ఏపీ (ముందు నుంచి తీసిన) ఎక్స్‌రేలో గ్రేటర్ ట్రోకాంటర్ (తొడ ఎముక పైన బయటివైపు ఉబ్బు) గుబ్బ నుంచి 3 సెం.మీ. కిందికి రండి, అక్కడి నుంచి 135 డిగ్రీల వాలులో పైకి విరిగిన గీత దాకా కొలవండి. 20.5 మి.మీ. కన్నా తక్కువుంటే ఒట్టి ప్లేటు జోలికి పోవద్దు. బ్యారెల్ (ప్లేటుకుండే, స్క్రూ జారే గొట్టం) కోసం రీమర్ (ఎముక తొలిచే పనిముట్టు) దించేది సరిగ్గా ఆ గోడలోకే, పలచగా ఉంటే అక్కడే పగులుతుంది. ఇక ఆనుకోవడానికి ఏమీ మిగలదు. తొడ ఎముక తల, మెడ భాగం స్క్రూ వెంట జారిపోతుంది, షాఫ్ట్ (ఎముక కింది పొడవాటి భాగం) లోపలికి జరుగుతుంది, కాలు పొట్టిదవుతుంది. రివర్స్ ఆబ్లిక్‌కు (గీత లోపలివైపు పై నుంచి బయటివైపు కిందికి వాలినది) ఈ కొలతలు కూడా అక్కర్లేదు, నెయిలే.

పీజీ_మలక్‌పేట:
మరి అన్నిటికీ నెయిల్ వేస్తే ఏ గొడవా ఉండదు కదా సార్?

ట్రామా_కూకట్‌పల్లి:
ఉంటుంది తమ్ముడూ. వంకరగా ఉన్నదాన్ని నెయిల్ వంకరగానే పట్టుకుంటుంది. ట్రాక్షన్ టేబుల్ (కాలు లాగి పట్టే బల్ల) మీద, సీ ఆర్మ్‌లో (ఆపరేషన్‌లో వాడే ఎక్స్‌రే యంత్రం) రెండు వైపులా చూసి, అమరిక కుదిరాకే కోత పెట్టు. నెయిల్ దించే ఎంట్రీ ట్రోకాంటర్ కొన మీద, లేదా వెంట్రుకవాసి లోపలికి. బయటికి జరిగితే తల వేరస్‌లోకి (లోపలికి, కిందికి) వాలుతుంది. విరిగిన గీత ఎంట్రీ దగ్గరికే వస్తే ఇంకో ప్రమాదం: రీమర్ ఎముకను తొలచకుండా గీతలో దూరి ముక్కల్ని విడదీస్తుంది. అందుకే పూర్తి వేగంలో తిప్పుతూ మెల్లగా దించాలి, అసిస్టెంటు బయటి నుంచి ట్రోకాంటర్‌ను నొక్కి పట్టాలి. రెండు స్క్రూల పీఎఫ్‌ఎన్‌లో (తొడ ఎముక పైభాగానికి వేసే నెయిల్) పై స్క్రూ 10 మి.మీ. పొట్టిగా ఉండాలి. లేకపోతే బరువు దాని మీద పడి కీలులోకి పొడుచుకెళ్తుంది, కిందిది వెనక్కి వస్తుంది. జడ్ ఎఫెక్ట్ అనేది అదే.

ఆర్థో_సికింద్రాబాద్:
ఒప్పుకుంటా. ఏది వేసినా సర్జన్ బామ్‌గార్ట్‌నర్ 1995లో చెప్పిన టిప్-అపెక్స్ లెక్క చూడండి. ఏపీలో, లేటరల్‌లో (పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలో) స్క్రూ కొన నుంచి తల శిఖరం దాకా ఉన్న దూరాలు కలిపితే 25 మి.మీ. లోపే ఉండాలి. దాటితే గుల్లబారిన ఎముకలో స్క్రూ తలను చీల్చుకుని వచ్చే ముప్పు పెరుగుతుంది. ఎక్స్‌రే పెద్దదిగా చూపిస్తుంది, స్క్రూ అసలు మందంతో పోల్చి సరిచేయండి.

ఫిజియో_దిల్‌సుఖ్‌నగర్:
ఒక విన్నపం సార్. ఎంత బరువు మోపొచ్చో డిశ్చార్జి కాగితంలో రాయండి. రాయకపోతే ఇంట్లోవాళ్లు భయపడి పెద్దవాళ్లను మంచం దింపరు. వీపు పుండ్లు, న్యుమోనియా, కాళ్లలో రక్తం గడ్డలు అక్కడే మొదలు. బిగింపు గట్టిగా ఉంటే మర్నాడే వాకర్‌తో నిలబెట్టొచ్చు.

పీజీ_మలక్‌పేట:
గోడ 18 మి.మీ. వచ్చిందనుకోండి. డీహెచ్‌ఎస్‌కే ట్రోకాంటరిక్ స్టెబిలైజేషన్ ప్లేటు (బయటిగోడకు ఆసరాగా పెట్టే అదనపు ప్లేటు) జోడిస్తే?

ట్రామా_కూకట్‌పల్లి:
వేయొచ్చు. కానీ కోత పెద్దదవుతుంది, రక్తం ఎక్కువ పోతుంది, నువ్వు మిగిల్చాలనుకున్న డబ్బూ అందులోకే పోతుంది. ఆ కేసుకు నెయిల్ వెయ్.